రీచ్ అయ్యాక ఒక్క రింగు

టెక్కలిలో ఓ బడిలో పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. కాశీబుగ్గలో ఓ మేడ మీది వాటాలో ఒక్కదాన్నే ఉంటాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా అడిగి అడిగి విసిగి మానేశారు. నా సంగతి ఇంతే. ఇక చెప్పబోయేది ఒక ఇంగ్లీషు క్రియ సంగతి.

రీచ్. నిఘంటువు తీస్తే దీనికి బోలెడు అర్థాలు. ఊరు చేరడం రీచ్. అటక మీది డబ్బా అందుకోవడం రీచ్. ఊరికే చెయ్యి చాపడం కూడా రీచే. ఒక నిర్ణయానికి రావడం, ఫోన్‌లో మనిషి దొరకడం, గుట్ట మీదికి రోడ్డు పడటం, అన్నిటికీ ఇదే. ఏటా ఇవన్నీ బోర్డు మీద రాస్తాను. పిల్లలు ఎక్కించుకుంటారు, పరీక్షలో రాస్తారు, మర్చిపోతారు. బయటికెళ్లాక వాళ్లకి పనికొచ్చేది ఒక్కటే. టెక్కలి కాంప్లెక్స్‌లో బస్సు దిగిన ప్రతివాడూ చెవికి ఫోన్ ఆనించుకుని ముందు అనే మాట అది: "ఆఁ, రీచయిపోనాను."

ఆలోచిస్తే తమాషాగా ఉంటుంది. బయల్దేరేటప్పుడు మనవాళ్లకి సవాలక్ష పట్టింపులు. వెళ్తాననకూడదు, వస్తాననాలి. ఎక్కడికని అడక్కూడదు. పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి కాసిని మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. తీరా వెళ్లిన చోటికి చేరాక చెప్పడానికి మాత్రం సరైన మాట లేదు. "చేరాను" అంటే ఏ ఉద్యోగంలోనో చేరినట్టుంటుంది. వెనకటికి "క్షేమంగా చేరితిమి" అని కార్డు ముక్క రాసేవారట. ఆ కార్డు వచ్చేసరికి వెళ్లినవాళ్లే తిరిగొచ్చి దాన్ని చదువుకునేవారట. ఫోన్లు వచ్చాక ఆ ఖాళీలో ఈ మాట వచ్చి కూర్చుంది. చదువురాని మా అప్పకి కూడా ఈ మాట వచ్చు.

మా వైపు అక్కని అప్ప అంటాం. మాది ఉద్దానం. సముద్రం హోరు వినిపించేంత దూరంలో కొబ్బరి, జీడి తోటలున్న ఊరు. అమ్మానాన్నా పోయాక నన్ను చదివించింది అప్పే. బావ కూడా తొందరగానే పోయాడు. పిల్లల్లేరు. నాకు ఉద్యోగం వచ్చి కాశీబుగ్గలో వాటా తీసుకున్న రోజు గుమ్మంలో నిలబడి ఒకే ఒక్క షరతు పెట్టింది.

"ఒలే సెల్లీ, సాయంత్రం ఇంటికి రీచయ్యాక నాకో రింగియ్యి. నాను ఎత్తను. ఎత్తితే డబ్బులు పోతాయి. ఒక్క రింగు, అంతే."

ఫోన్ మాటలకి డబ్బులు కాలే రోజులవి. తర్వాత మాటలన్నీ ఊరికే వచ్చే రోజులొచ్చాయి, అయినా మా అప్ప ఆ రింగు ఎత్తలేదు. నేను మెట్లెక్కి, తాళం తీసి, సంచి మంచం మీద పడేసి, అప్ప నంబరు నొక్కేదాన్ని. ఒక్కసారి మోగగానే కట్ చేసేదాన్ని. అక్కడ అరుగు మీద కూర్చున్న మా అప్ప అది విని లేచి, అప్పుడు అన్నం వడ్డించుకునేది. ఈ వడ్డన సంగతి నాకు చాలా కాలం తెలియదు. ఒక ఎండాకాలం సెలవుల్లో పక్కింటావిడ చెప్పింది. "మీ అప్ప ఆ రింగు మోగిందాకా కంచం ముట్టదమ్మా. మోగనేదనుకో, కోళ్లని తిడతది" అంది. నేను అప్పని కోప్పడ్డాను. "నాకేటి, ఆకలెయ్యలేదు, తిన్నేదు" అని కొట్టిపారేసింది. ఆవిడతో వాదించడం కంటే ఎనిమిదో తరగతికి వ్యాకరణం చెప్పడం తేలిక.

కొన్నేళ్లకి మా వైపు చాలా ఇళ్లలోకి వచ్చిన జబ్బే మా ఇంట్లోకీ వచ్చింది. అప్పకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి మా కాశీబుగ్గని ఆనుకునే ఉన్న పలాస వచ్చేది. నేను సెలవు పెడితే ఒప్పుకునేది కాదు. పని అయ్యాక ఊరి ఆటోలో వెనక్కి వెళ్లిపోయేది. ఆ రోజుల్లో మా ఇద్దరి పాత్రలూ తారుమారయ్యాయి. ఆవిడ ఇల్లు చేరి నాకు ఒక్క రింగు ఇవ్వాలి. నేను మేడ మీద పేపర్లు దిద్దుతూ కూర్చునేదాన్ని, ఎర్రపెన్ను ఒకే లైను మీద ఉండిపోయేది. ఎదురుచూడటం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. అన్నమే కాదు, మంచినీళ్లు కూడా ముట్టేదాన్ని కాదు. రింగు మోగి ఆగిపోయేది. అప్పుడు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, వీధిలో సైకిలు బెల్లు, అన్నీ మళ్లీ వినబడేవి.

పోయిన ఏడాది ఆషాఢంలో మా అప్ప పోయింది. తెల్లవారి లేవలేదు, అంతే.

కర్మకాండలన్నీ అయ్యాక మళ్లీ బడికి వెళ్లిన మొదటి రోజు సాయంత్రం మెట్లెక్కాను, తాళం తీశాను, సంచి పడేశాను. చెయ్యి దానంతటదే ఫోన్ తీసింది. ఆ ఫోన్ పట్టుకుని మంచం మీద కూర్చుని ఏడ్చాను. అప్ప పోయిన రోజు కూడా అంతలా ఏడవలేదు. ఆ రోజు చుట్టూ జనం ఉన్నారు, పనులున్నాయి. ఈ రోజు నేను ఇంటికొచ్చాను, వచ్చానని చెప్పడానికి ఈ భూమ్మీద ఒక్క మనిషి లేదు.

కొన్నాళ్లు ప్రయత్నం చేశాను, చెప్పుకుంటే సిగ్గుచేటు. విశాఖలో మా చిన్నాన్న కొడుకు ఉన్నాడు, తమ్ముడు వరస. వాడికి "రీచ్ అయ్యాను" అని మెసేజ్ పెట్టాను. వాడు కంగారుపడి ఫోన్ చేశాడు. "ఎక్కడికెళ్లేవే? ఏటయింది?" అన్నాడు. ఏమీ కాలేదు, బడి నుంచి ఇంటికొచ్చాను అన్నాను. "ఓహో" అన్నాడు. మర్నాడు బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఆ మర్నాడూ బొటనవేలే. వారం తిరిగేసరికి ఆ వేలు కూడా రావడం మానేసింది. వాడి తప్పేం లేదు. అడగని వాడికి జవాబు చెప్పడం పెళ్లికి పిలవని ఇంట్లో విస్తరి ముందు కూర్చోవడమే.

ఇంకో రోజు కళ్లజోడు లేకుండా ఏదో నొక్కి అదే మాట మా స్టాఫ్ గ్రూపులో పెట్టేశాను. మర్నాడు కార్తీక పౌర్ణమి, రావివలస ఎండల మల్లికార్జునుడి గుడికి అందరం వ్యాను కట్టించుకుని వెళ్లాలని అనుకుంటున్నాం. నిమిషంలో హెడ్మాస్టరు గారు రాశారు: "మేడం, రావివలస రేపు కదా! మీరు ఇవాళే రీచ్ అయిపోయారా?" లెక్కల మాస్టారు దండం బొమ్మలు పెట్టి మా అందరి తరఫునా దర్శనం చేసుకోమన్నారు. డ్రిల్లు టీచరు పులిహోర తెమ్మన్నాడు. నేను కూడా నవ్వే బొమ్మ పెట్టాను. పెట్టి ఫోన్ బోర్లించి, లైటు వెయ్యకుండా చాలాసేపు కూర్చున్నాను. నేను నిజంగా ఎక్కడికి రీచ్ అయ్యానని ఒక్కరూ అడగలేదు. రోజూ నేనొక ఇంటికి వెళ్తానన్న ఊహ ఎవరి బుర్రలోనూ లేదు. అది నాకు గుచ్చుకుంది.

అప్పట్నించీ బస్సులు వదిలెయ్యడం మొదలుపెట్టాను. పూర్వం పలాస బస్సు కనబడితే చీర కుచ్చిళ్లు పట్టుకుని పరిగెత్తేదాన్ని. ఇప్పుడు టెక్కలి కాంప్లెక్స్‌లో సిమెంటు బల్ల మీద కూర్చుని ఒకటి పోనిచ్చేదాన్ని, రెండు పోనిచ్చేదాన్ని. మరమరాల పొట్లం కొనుక్కునేదాన్ని. మెళియాపుట్టి వెళ్లేవాళ్లు, సంతబొమ్మాళి వెళ్లేవాళ్లు, కూరగాయల బుట్టలు ఎత్తుకునేవాళ్లు, అందరికీ ఎక్కడో ఒకచోటికి బేగి వెళ్లాల్సిన తొందర ఉంది. నాకు లేదు. ఎవరూ ఎదురుచూడని మనిషికి స్వేచ్ఛ ఎక్కువ అంటారు. ఉప్పు లేని కూర ఎంత తింటే మాత్రం ఏం లాభం.

భయం కూడా ఉండేది. స్నానాలగదిలో కాలు జారితే? జ్వరమొచ్చి లేవలేకపోతే? ఆలోచించి చూసుకున్నాను. నేను రీచ్ కాకపోతే ముందు తెలిసేది మా తొమ్మిదో తరగతికి. వాళ్లు గోల చేస్తారు. ఆ గోలకి పక్క క్లాసు మాస్టారు వస్తాడు. అదీ బడి ఉన్న రోజయితేనే. శనివారం సాయంత్రం నాకేదైనా అయితే సోమవారం దాకా ఎవరికీ తెలియదు. ఇది నవ్వుతూనే అనుకునేదాన్ని, కానీ శనివారాలు మెట్లు జాగ్రత్తగా ఎక్కేదాన్ని.

మెట్లంటే ఇంటిగలావిడ గురించి చెప్పాలి. కింద వాటాలో ఉండేది. డెబ్భై దాటిన విధవరాలు, ఇచ్ఛాపురం మనిషి. ఆవిడ తెలుగులో ఒడియా మాటలు పోపు గింజల్లా తగులుతుంటాయి. పిన్నిగారూ అని పిలిచేదాన్ని, పిలిచిన రోజుల్లో. నీళ్ల మోటారు ఎప్పుడు వెయ్యాలన్న దాని మీద ఓసారి ఇద్దరం గట్టిగా అరుచుకున్నాం. అప్పట్నించీ మా మధ్య మాటల్లేవు. నెల మొదట్లో అద్దె కిటికీలోంచి అందించడం, ఆవిడ అందుకోవడం, అంతే.

ఆవిడ మీద నాకింకో కోపం ఉండేది. మెట్ల దగ్గర ఒక బల్బు ఉంది, దాని స్విచ్చి ఆవిడ గదిలో. నేను గేటు తీసి లోపలికి వచ్చేసరికి వెలుగుతూ ఉండేది. నేను పైకెక్కి తాళం తీశానో లేదో టక్కున ఆరిపోయేది. తలుపు తోసి చెప్పులు విడిచేదాకా కూడా ఉంచేది కాదు. ఇంత పిసినారి మనిషిని నేను చూడలేదు అనుకునేదాన్ని. పోయేటప్పుడు ఆ కరెంటు మూటగట్టుకుని పోతుంది కాబోలు అని మా సైన్సు టీచరుతో అని నవ్వించాను కూడా.

ఆ రోజు మార్గశిరం, తొందరగా చీకటి పడుతోంది. టెక్కలిలో ఎప్పట్లాగే బస్సులు పోనిచ్చి పోనిచ్చి ఎక్కాను. కాశీబుగ్గలో దిగేసరికి జీడి ఫ్యాక్టరీల వాసన మంచులో కిందికి దిగి వీధంతా పట్టేసి ఉంది. గేటు తీశాను. మెట్ల దగ్గర లైటు లేదు.

నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు అసలు వెయ్యడమే మానేసిందన్నమాట. ఫోన్ వెలుగులో మెట్లెక్కాను, తాళం తీశాను, బియ్యం కడిగి కుక్కర్లో పెట్టాను. కోపం మాత్రం దిగలేదు. ఇవాళ తాడో పేడో తేల్చుకోవాల్సిందే అనుకుని స్టవ్వు కట్టేసి కొంగు బిగించి కిందికి దిగాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది. "పిన్నిగారూ!" అని గట్టిగానే పిలిచాను. పెరటి వైపు నుంచి సన్నగా వినబడింది.

"వచ్చీసినావా టీచరమ్మా?"

పెరట్లో బట్టలు ఉతికే బండ పక్కన, తడి నేల మీద కూర్చుని ఉంది. కాలు ఒక పక్కకి తిరిగిపోయి ఉంది. మధ్యాహ్నం ఎప్పుడో జారిందట. లేవలేకపోయింది. చీర తడిసి ఒంటికి అంటుకుపోయింది. చలికి దవడలు కొట్టుకుంటున్నాయి. నేను పోట్లాట అక్కడే పారేసి ఆవిడ వీపు వెనక చెయ్యి వేశాను.

"పిలవలేదేం పిన్నిగారూ? నేను వచ్చి ఎంతసేపో అయింది!"

"పిలిసినాను. నీకు ఇనబడనేదు. అయినా పర్లేదు, గేటు సప్పుడు ఇన్నాను, తాళం సప్పుడు ఇన్నాను. హమ్మయ్య, పిల్ల వచ్చీసింది అనుకున్నాను. లైటు లేదని తిట్టడానికైనా కిందికి దిగుతావని తెలుసు నాకు." ఆ నొప్పిలోనూ నవ్వబోయింది. "లైటెయ్యలేకపోనాను తల్లీ. సీకట్లో ఎలాగెక్కినావు? అదే బెంగెట్టుకుని కూకున్నాను."

నేను ఆవిడకి పొడి దుప్పటి కప్పాను. ఏదైనా తిన్నారా అని అడిగాను. ఆవిడ చిన్నపిల్లలా తల అడ్డంగా ఊపింది.

"నీ తాళం సప్పుడయ్యాక లైటు తీసీసి అప్పుడు తింతాను నాను. ఎప్పుడూ అంతే. కింద మనిషి తినీసి తొంగుంటే మీద పిల్ల రాకపోతే ఎవులికి తెలుత్తాది?" కొంచెం ఆగి, ఫిర్యాదు చేస్తున్నట్టు అంది. "ఈ మద్దెన మరీ ఆలీసంగా వత్తన్నావు టీచరమ్మా. నాకు ఆకలేసీత్తంది."

ఆటో కోసం వీధిలోకి పరిగెత్తాను. పరిగెత్తుతూ ఏడుస్తున్నానని ఆటో అతను "ఏటమ్మా, ఏటయింది?" అన్నాకే తెలిసింది.

చీలమండ దగ్గర ఎముక చిట్లిందని కట్టు వేశారు. కట్టు విప్పేదాకా ఆవిడకి వంట నేనే చేశాను. మాటలు కలిశాయి కాబట్టి పోట్లాటలు కూడా మళ్లీ మొదలయ్యాయి. పప్పులో చింతపండు ఎక్కువైందంటుంది. మోటారు ఇప్పటికీ పొద్దున్నే వెయ్యాలంటుంది. నేను బల్ల మీద కూర్చోవడం మానేశాను, మొదట వచ్చిన బస్సే ఎక్కుతున్నాను, అందులో నిలబడే చోటు లేకపోయినా సరే. ఒక సాయంత్రం ఆవిడకి అన్నం వడ్డిస్తూ మా అప్ప సంగతి చెప్పాను, రింగు సంగతితో సహా. ఆవిడ ముద్ద చేతిలో పట్టుకుని విన్నది.

"ఎత్తేది కాదా?" అంది.

"ఎత్తేది కాదు."

"ఒక్క రింగేనా?"

"ఒక్కటే."

ఆ ముద్ద నోట్లో పెట్టుకుంది. మజ్జిగ పలచగా ఉందంది.

మాఘమాసంలో ఆవిడ ఇచ్ఛాపురం వెళ్లింది, చెల్లెలి మనవరాలి పెళ్లికి. పొద్దున్నే నేనే రైలెక్కించాను. చేరాక చెప్పమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. మా తమ్ముడి బొటనవేలు గుర్తొచ్చింది. మధ్యాహ్నం దాకా క్లాసుల మధ్య ఫోన్ తీసి చూస్తూనే ఉన్నాను. ఏమీ లేదు. పెళ్లి ఇంట్లో వందమంది చుట్టాల మధ్య నేనెందుకు గుర్తుంటాను అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకున్నంత మాత్రాన బాధ తగ్గలేదు.

సాయంత్రం గేటు తీశాను. కింద వాటాకి తాళం. మెట్ల దగ్గర చీకటి. ఇప్పుడు ఈ ఇంట్లో నా చప్పుడు వినేవాళ్లు ఎవరూ లేరు. ఎప్పట్లాగే గోడ పట్టుకుని పైకెక్కాను. తాళం తీశాను. ఆరడానికి లైటే లేదు, అయినా అలవాటుగా ఒక్క క్షణం వెనక్కి చూశాను.

సంచిలో ఫోన్ మోగింది. ఒక్కసారి. తీసేలోపే ఆగిపోయింది.

పిన్నిగారి నంబరు. రోజూ నేను తాళం తీసే వేళ. పొద్దున్నే ఇచ్ఛాపురంలో దిగిన మనిషి, ఇంతసేపూ ఈ వేళ కోసం ఆగింది.

చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి ఆ నంబరు నొక్కాను. ఒక్కసారి మోగనిచ్చి కట్ చేశాను. పెళ్లి ఇంట్లో పంక్తులు ఎప్పుడో లేచుంటాయి. ఆవిడ ఇప్పుడు లేచి విస్తరి వేయించుకుంటుంది.